పొడుగోడు స్కోర్ చెయ్యట్లేదా? ముందు బాల్ ఎవడిస్తున్నాడో చూడండి

మా పర్లాకిమిడిలో సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడే బ్యాచ్‌లో ఆరడుగుల మూడంగుళాల గుంటడు ఒకడున్నాడు, రెండేళ్లపాటు అందరం ఆడ్ని తాటిచెట్టు అనే పిలిచాం, రిమ్ (బాస్కెట్ ఇనప రింగు) కింద నిలబడి కూడా వెయ్యలేడని. తర్వాత ఒడియా కుర్రాడొకడు గార్డ్‌గా, అంటే బాల్ తెచ్చి పాసులిచ్చేవాడిగా చేరాడు, నెల తిరక్కుండా అదే తాటిచెట్టు గేమ్‌కి ఐదారు బాస్కెట్లు వేసేస్తున్నాడు. ఆడేం కొత్తగా నేర్చుకోలేదు, బాల్ అందే చోటు మారింది, అంతే. అప్పట్నుంచి ఎవరైనా వాళ్ల పొడుగోడి గురించి "మా బిగ్ మ్యాన్ వేస్ట్ అన్నా" అంటే నేను ముందు చూసేవి ఇవి.

సమస్య: బాల్ బాగానే అందుతోంది, షాట్లే పడట్లేదు.

కారణం: ఎక్కడ అందుతోందో చూడండి. రిమ్‌కి పన్నెండడుగుల దూరంలో, బాస్కెట్‌కి వీపు పెట్టి, కాళ్లు ఆగిపోయాక అందిందనుకోండి, అక్కణ్నుంచి ఆడే తిరగాలి, ఆడే డ్రిబుల్ చెయ్యాలి, ఇద్దర్ని దాటాలి. అవన్నీ వస్తే ఆడు మన గ్రౌండులో ఎందుకుంటాడు?

పరిష్కారం: పిక్ అండ్ రోల్. గార్డ్‌ని కాస్తున్నోడికి అడ్డంగా పొడుగోడు స్క్రీన్ పెట్టాలి, అంటే గోడలా కదలకుండా నిలబడాలి, గార్డ్ ఆ పొడుగోడి భుజం రాసుకుంటూ దూరిపోవాలి, చాలాసార్లు డిఫెండర్లిద్దరూ ఒక్క క్షణం గార్డ్ మీదకే వస్తారు, ఆ క్షణంలో పొడుగోడు రిమ్ వైపు పరిగెట్టాలి (రోల్ అంటే ఇదే), బాల్ ఆడున్న చోట కాకుండా రెండడుగులు ముందు పడాలి. మంచి గార్డ్ చేసేది ఏటంటే, ఆ రెండడుగులు లెక్కెయ్యడమే.

దీంతో ఎంత తేడా వస్తదని అడుగుతారు. 2004లో అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో గార్డ్ స్టీవ్ నాష్ ఫీనిక్స్ సన్స్ టీమ్‌కి వచ్చాడు, ఆ సీజన్‌లో అక్కడి పొడుగోడు అమరే స్టౌడమైర్ షూటింగ్ (వేసిన షాట్లలో పడ్డవి) 47.5 శాతం నుంచి 55.9కి, గేమ్‌కి సగటు 20.6 నుంచి 26 పాయింట్లకి వెళ్లింది, టీమ్ గెలుపులు 29 నుంచి 62 అయ్యాయి. అయితే మొత్తం నాష్ ఖాతాలో వేసెయ్యకండి, అప్పుడు అమరే చుట్టూ మంచి షూటర్లున్నారు, పైగా 2010లో నిక్స్ టీమ్‌కి వెళ్లి నాష్ లేకుండానే 25.3 కొట్టాడు. ఆడు ముందే ఆటగాడు. సన్స్‌లోనే ఆడిన ఇంకో పొడుగోడు మార్చిన్ గోర్టాట్ అలా కాదు, 2011-12లో నాష్‌తో గేమ్‌కి 15.4 పాయింట్లు, తర్వాతేడు నాష్ లేకర్స్‌కి పోయేసరికి 11.1. అలాంటి పొడుగోడే టైసన్ చాండ్లర్, షికాగోలో 2005-06లో 5.3 వేసినోడు, న్యూ ఆర్లీన్స్‌లో గార్డ్ క్రిస్ పాల్ పక్కన 2007-08లో 11.8 వేశాడు, 62.3 శాతంతో (ఆడే నిమిషాలు కూడా పెరిగాయనుకోండి). నాకు అర్థమైంది ఇది: సొంతంగా షాట్ పుట్టించుకోలేనోడికే గార్డ్ ఎక్కువ కలిసొస్తాడు.

సమస్య: చేతిలో పడ్డ బాల్ జారిపోతోంది.

అందరూ చేతుల్నే తిడతారు, నేనూ తిట్టాను. తీరా చూస్తే సగం పాసులు మోకాళ్ల దగ్గరకి వస్తున్నాయి, అంత పొడుగోడు పరుగులో వంగి ఏరుకోవాలంటే ఎలా? ఛాతీ నుంచి తల పైదాకా ఎక్కడైనా ఇవ్వండి, కిందకి మాత్రం వద్దు. ఇంక మా సిమెంటు కోర్టు మీద ఇసుక, వానాకాలం అయితే చెప్పక్కర్లేదు, బౌన్స్ పాస్ ఎటు లేస్తదో దేవుడికే తెలియాలి. మాకు ఇంకో చిక్కుండేది, గార్డ్ "ఎబే" అని అరుస్తాడు, ఒడియాలో ఇప్పుడు అని, మనోడు "ఇప్పుడు" కోసం చెవులు రిక్కించుకుని ఉంటాడు! ఇప్పుడు టీమంతా ఎబే అనే అంటున్నాం.

సమస్య: మాటిమాటికీ మూడు సెకన్ల విజిల్.

పాస్ వస్తదని ముందే పెయింట్‌లోకి (రిమ్ ముందు గీసిన పెట్టె, మన టీమ్ దగ్గర బాల్ ఉండగా అందులో మూడు సెకన్లకి మించి నిలబడకూడదు) పోయి కాపురం పెడుతున్నాడు. బయట నిలబెట్టండి, స్క్రీన్ పెట్టాకే లోపలికి.

సమస్య: రోల్ చేస్తున్నాడు గానీ లోపలంతా జాతరలా ఉంది.

కారణం మీ సొంత టీమోళ్లే. ఇద్దరు రిమ్ కిందే రీబౌండ్ (పడని షాట్ నుంచి తిరిగొచ్చే బాల్) కోసం కాచుక్కూచుంటే వాళ్ల డిఫెండర్లూ అక్కడే ఉంటారు కదా. ఇద్దర్నీ మూలలకి పంపండి. పంపినా ఒక్కడికైనా షాట్ రాకపోతే డిఫెండర్ వాళ్లని వదిలేసి లోపలికే వస్తాడు, దీనికి అడ్డదారి లేదు, ఒకడ్ని పట్టుకుని మూల షాట్ నేర్పించాల్సిందే.

సమస్య: అన్నీ బాగున్నాయి, ఫ్రీ త్రోలే (ఫౌల్ అయితే గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు) పోతున్నాయి.

దీనికి గార్డ్ ఏం చెయ్యలేడు. క్రిస్ పాల్ పాసులతో ఆడిన డిఆండ్రే జోర్డాన్ 2014-15లో మామూలు షాట్లు 71 శాతం వేశాడు, ఫ్రీ త్రోలు 39.7 శాతమే. ఆ గీత దగ్గర పాస్ ఇచ్చేవాడెవడూ ఉండడు. రోజుకి యాభై, ఒంటరిగా.

తప్పు గార్డ్‌దా పొడుగోడిదా ఇంకా తేలకపోతే రెండ్రోజులు గార్డ్‌ని మార్చి ఆడించండి, పాయింట్లు లెక్కపెట్టొద్దు, రిమ్‌కి దగ్గర్లో పరుగులో ఎన్నిసార్లు బాల్ అందుకున్నాడో గీతలు పెట్టండి. గార్డ్ మారాక గీతలు పెరిగితే మొదటి గార్డ్‌తో మాట్లాడాలి. గీతలు బాగానే ఉండి బాస్కెట్లు లేకపోతే పొడుగోడితో.

మా గార్డ్ జూన్‌లో చదువుకి భువనేశ్వర్ పోతున్నాడు. నాకు గోర్టాట్ లెక్క గుర్తుంది, అందుకే తాటిచెట్టుతో ఇప్పట్నుంచే ఎడమ చేత్తో లేఅప్‌లు (పరుగులో రిమ్ దగ్గరకి పోయి వేసే షాట్లు) వేయిస్తున్నా, నన్ను తిట్టుకుంటూనే వేస్తున్నాడు.