రోజూ చదవదగిన వెబ్‌సైట్లను ఎంచుకునే పద్ధతి: వరంగల్ పాఠకుల కోసం

ఫోను తెరవగానే ఎదురుపడినదాన్ని చదవడం వేరు, కావాలని వెళ్ళి చదవడం వేరు. వాట్సాప్ గ్రూపుల్లోనూ ఫేస్‌బుక్‌లోనూ మన కంటబడేది ఎవరో ముందుకు నెట్టినదై ఉంటుంది. అందులో మంచి రచనలు ఉండవని కాదు. ఉన్నా, మరునాడు ఆ రచయిత దగ్గరికే మళ్ళీ వెళ్ళడానికి దారి గుర్తుండదు. హనుమకొండలో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న విద్యార్థికైనా, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలుకువచ్చే రైతుకైనా, ఉద్యోగ విరమణ తరువాత తీరికగా సాహిత్యం చదువుకునే ఉపాధ్యాయులకైనా పది పన్నెండు సైట్లతో సొంత జాబితా ఒకటి ఉండాలని నా గట్టి అభిప్రాయం. అటువంటి జాబితాను ఎలా ఎంచుకోవాలో, ఎలా చదవాలో, ఎలా కాపాడుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

కొత్త సైటు కనిపించినప్పుడు దాని మొదటి పేజీ చూసి ఒక నిర్ణయానికి రాకూడదు. లోపల ఏదైనా ఒక పాత వ్యాసం తెరిచి, రాసినవారి పేరు ఉందా, ప్రచురించిన తేదీ ఉందా, చెప్పిన విషయానికి ఆధారం చూపారా, తప్పు దొర్లినప్పుడు సవరించామని రాశారా అని పరిశీలించాలి. వీటిలో తేదీకే నేను పెద్దపీట వేస్తాను, ఎందుకంటే మన ప్రాంతం గురించిన సమాచారంలో అబద్ధాల కంటే పాతబడిన నిజాలే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ప్రధానంగా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరు జిల్లా అయింది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, రూరల్ జిల్లాకు వరంగల్ అని పేర్లు మారాయి. పరకాల వరంగల్ రూరల్ జిల్లాలో ఉందని ఒక పేజీ ఇప్పటికీ చెబుతున్నదంటే, నిర్వాహకులు దానిని కొన్నేళ్ళుగా ముట్టుకోలేదని ఇట్టే తెలిసిపోతుంది. ఆ పేజీపై రాసిన తేదీ ఉంటే అది దోషం కాదు, ఆనాటికి అది సరైన మాటే. తేదీ లేని పేజీని మాత్రం ఏ దరఖాస్తుకూ, ఏ పరీక్షకూ ఆధారంగా తీసుకోకపోవడం మేలు.

వ్యవసాయ కుటుంబాలు జాబితాలో మొదట చేర్చుకోవలసింది అగ్‌మార్క్‌నెట్. కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖకు చెందిన ఈ సైటులో రాష్ట్రం, మార్కెట్, పంట, తేదీ ఎంచుకుంటే ఆ రోజు ఎంత సరుకు వచ్చింది, కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత, మోడల్ ధర ఎంత అన్న వివరాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. ధరలన్నీ క్వింటాలుకు రూపాయల్లో ఉంటాయి. మిర్చి సీజనులో ఎనుమాములలో పొద్దున జెండా పాటలో, అంటే బహిరంగ వేలంలో, పలికిన ధరే అందరి నోళ్ళలోనూ నానుతుంది, మరునాటి పత్రికలోనూ అదే అచ్చవుతుంది. కాని ఆ ధర మేలైన సరుకు ఉన్న కొద్ది లాట్లకే దక్కుతుంది. యార్డుకు వచ్చిన సరుకులో ఎక్కువ భాగం ఏ ధరకు అమ్ముడుపోయిందో చెప్పేది మోడల్ ధర. కనుక గరిష్ఠ ధరను కాకుండా మోడల్ ధరను వారం పాటు వరుసగా నోటు పుస్తకంలో రాసుకుని, పక్కనున్న రకం, నాణ్యత గడులను కూడా చూసుకుని, ఆ తరువాత ఆడ్తిదారుతో మాట్లాడితే రైతు మాటకు బలం ఉంటుంది. మార్కెట్ సిబ్బంది నమోదు చేసిన తరువాతే అంకెలు సైటుకు ఎక్కుతాయి కాబట్టి అదే రోజు పొద్దున వెతికితే గడులు ఖాళీగా ఉండవచ్చు. సాయంత్రం గాని మరునాడు గాని చూడటం మంచిది. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) సైటును దీనితో పోల్చి చూసుకోవచ్చు.

వాన గురించి తెలుసుకోవడానికి రెండు చోట్లు చాలు. భారత వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం ఇచ్చే జిల్లాల వారీ హెచ్చరికలు రాబోయే రోజుల గురించి చెబుతాయి; తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ సైటు మండలాల్లోని స్వయంచాలక కేంద్రాల్లో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెబుతుంది. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిందన్న లెక్క ఈ కేంద్రాల వ్యవస్థ నుంచి వచ్చినదే. చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: వర్షపాతాన్ని ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 వరకు ఒక రోజుగా లెక్కిస్తారు. అందువల్ల రాత్రి కురిసిన వాన మరునాటి తేదీ కింద కనిపిస్తే అది పొరపాటు కాదు. గోదావరి ఒడ్డున ఉన్న ఏటూరునాగారం, మంగపేట వైపు వారు వానాకాలంలో కేంద్ర జల సంఘం వరద సూచనల సైటును కూడా చూడాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఆ అంకెలు తెలిసి ఉంటే నీటిమట్టం పెరుగుతున్నప్పుడు వదంతుల కోసం ఎదురుచూడవలసిన అవసరం ఉండదు.

పోటీ పరీక్షల విద్యార్థులకు నా సలహా చిన్నదే. కరెంట్ అఫైర్స్ పేరిట తిరిగే పీడీఎఫ్‌ల కంటే ముందు కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) తెలుగు ప్రకటనలను, రాష్ట్ర ప్రణాళికా శాఖ బడ్జెట్ సమయంలో వెలువరించే సామాజిక ఆర్థిక చిత్రణను చదవాలి. ఆ పీడీఎఫ్‌లలో చాలావాటికి మూలం ఇవే.

ఇక సాహిత్యం. తెలుగువారి సొత్తుగా చెప్పుకోదగిన సైట్లు ఇక్కడే ఉన్నాయి కనుక కొంత వివరంగా రాస్తాను. ఈమాట అనే అంతర్జాల పత్రిక 1998లో మొదలైంది, నేటికీ నెలనెలా వెలువడుతున్నది. వచ్చిన రచనలను పరిశీలకులు చదివి సూచనలిచ్చిన తరువాతే ప్రచురించే పద్ధతి దానిది. అందుకే అక్కడి వ్యాసాల్లో వాక్యం బిగువుగా ఉంటుంది. కొత్తవారు తాజా సంచికతో కాకుండా పాత సంచికల విభాగంతో మొదలుపెట్టి, తమకు నచ్చిన ఒక రచయిత పేరు నొక్కి, ఆ ఒక్కరి రచనలనే వరుసగా చదివితే పత్రిక స్వభావం తొందరగా పట్టుబడుతుంది. 2009లో మొదలైన పుస్తకం డాట్ నెట్ పూర్తిగా పుస్తకాల గురించినది. అక్కడ రాసేవారిలో మామూలు పాఠకులే ఎక్కువ కాబట్టి ఒక పుస్తకం ఎవరికి నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో నిర్మొహమాటంగా తెలుస్తుంది. అందులో చూసిన పుస్తకాన్ని వెంటనే కొనవలసిన పని లేదు. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాల్లో ముందుగా వాకబు చేయవచ్చు.

పోతన మన జనగామ జిల్లా బమ్మెర వాడని గర్వంగా చెప్పుకునేవారిలో భాగవతాన్ని మొత్తంగా చదివినవారు తక్కువ. అది చదవడానికి తెలుగుభాగవతం డాట్ ఆర్గ్ కంటే సులువైన మార్గం నాకు తెలియదు: పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఆ కింద భావం ఉంటాయి. రోజుకొక పద్యం పెట్టుకుని, ముందు పద్యాన్ని రెండుసార్లు పైకి చదివి, ఆ తరువాతే టీక వైపు చూపు దించాలి. భావం ముందుగా చదివితే పద్యం నడక చెవికి ఎక్కదు. పాత తెలుగు చదివేటప్పుడు పక్కన ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరిచి ఉంచుకోవాలి. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు, వృత్తి పదకోశాలు ఒక్క వెతుకులాటలో వరుసగా కనిపిస్తాయి. ఉర్దూ-తెలుగు నిఘంటువు కూడా అందులో ఉంది కనుక నిజాం కాలపు భూమి కాగితాలు ఇంట్లో ఉన్నవారికి అది మరీ పనికివస్తుంది.

పాత పుస్తకాలకు తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండూ ఉపయోగపడతాయి. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వికీసోర్స్‌లో పూర్తిగా చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు. ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఉన్నాయి, కాని వాటి పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో తోచిన విధంగా నమోదు చేశారు. ఒకసారి దొరకకపోతే దీర్ఘానికి ఒక అక్షరం, రెండు అక్షరాలు, ఒత్తు ఉన్నదీ లేనిదీ మార్చి మార్చి వెతకాలి. పుస్తకం పేరు ఫలించకపోతే రచయిత ఇంటిపేరుతో ప్రయత్నించాలి. అక్కడ చూపే ప్రచురణ సంవత్సరాన్ని నమ్మకుండా లోపలి ముఖపత్రం తెరిచి సరిచూసుకోవాలి.

పల్లె జీవితం గురించి చదవాలనుకునేవారికి పరి, అంటే పాలగుమ్మి సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత జన భాండాగారం, తప్పక సూచిస్తాను. ప్రతి కథనం కిందా రాసినవారి పేరుతో పాటు అనువాదకుల పేరు కూడా ఉంటుంది. చాలా కథనాలు తెలుగులో లభిస్తాయి. అవి నిదానంగా చదవవలసినవి. ఆదివారానికి ఒకటి చాలు.

జాబితాలో ఒక స్థానాన్ని సరిచూసుకునే సైట్లకు కేటాయించాలి. రామప్ప గుడి గురించి తిరిగే సందేశాలనే ఉదాహరణగా తీసుకుందాం. ఒకదానిలో ఒక సంవత్సరం, మరొకదానిలో మరొకటి, ఇంకొకదానిలో యునెస్కో ర్యాంకు ఇచ్చిందన్న మాట కనిపిస్తాయి. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా సైటులో కాకతీయ రుద్రేశ్వర ఆలయం (రామప్ప గుడి అసలు పేరు ఇదే) పేజీ తెరిస్తే నిర్మాణం 1213లో మొదలైందని, దాదాపు 40 ఏళ్ళు సాగి ఉంటుందని, ఇసుకరాతితో కట్టిన గుడిలో దూలాలు, స్తంభాలు గ్రానైట్, డోలరైట్ రాళ్ళతో చెక్కారని, గర్భగుడి మీది విమానానికి తేలికైన ఇటుకలు వాడారని స్పష్టంగా ఉంటుంది. 2021 జులై 25న గుర్తింపు వచ్చింది. ర్యాంకులు ఇవ్వడం యునెస్కో పద్ధతే కాదు. అదే పేజీలోని పత్రాల విభాగంలో మన దేశం సమర్పించిన ప్రతిపాదన, దానిపై నిపుణుల మదింపు నివేదిక పూర్తిగా దొరుకుతాయి. గుడి ఉన్న పాలంపేటకు వెళ్ళే ముందు ఆ ప్రతిపాదనలోని నక్షాలు, కొలతలు ఒక పూట చదివి వెళ్ళినవారు గుడిని చూసే తీరే మారుతుంది. రాజకీయ, ఆరోగ్య సంబంధమైన ఫార్వర్డులకు హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ అనే నిజనిర్ధారణ సైటు తెలుగు విభాగం ఉంది. తీర్పు ఒక్కటే కాకుండా ఏ ఆధారంతో ఆ నిర్ధారణకు వచ్చారో కూడా అక్కడ చదవాలి.

ఎంచుకున్న సైట్లను రోజూ ఒక్కొక్కటిగా తెరిచి చూడటం కొద్ది రోజులకే విసుగు పుట్టిస్తుంది. దానికి పరిష్కారం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. పత్రిక వేసే అబ్బాయి గడప దగ్గరికి తెచ్చి ఇచ్చినట్టు, మనం అడిగిన సైట్లలో కొత్తగా వచ్చినవాటినే ఒక చోటికి చేరుస్తుంది. ఫీడ్‌లీ లేదా ఇనోరీడర్ యాప్‌లో ఉచిత ఖాతా తెరిచి, వెతికే గడిలో సైటు చిరునామా అతికిస్తే యాప్ ఫీడును తానే కనుక్కుంటుంది. ‘ఫాలో’ నొక్కి, దానిని ‘సాహిత్యం’, ‘ఊరు’ వంటి ఒక ఫోల్డరులో వేసుకోవాలి. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ మీద నడిచే తెలుగు బ్లాగులన్నిటికీ మామూలుగా ఫీడు ఉంటుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లే రాసే మంచి బ్లాగరును కూడా మరిచిపోయే ప్రమాదం ఉండదు. ప్రభుత్వ సైట్లలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు; వాటిని బ్రౌజరులో బుక్‌మార్కులుగా పెట్టుకోవడమే దారి. ప్రకటనల మధ్య చదవలేని పెద్దవారికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోని రీడర్ వ్యూ తెరిచి, అక్షరాల పరిమాణం పెంచి ఇవ్వండి.

యాప్‌లు శాశ్వతం కావు. గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది, వ్యాసాలు దాచుకునే పాకెట్ 2025 జులైలో ఆగిపోయింది. అందువల్ల ఫీడ్ల జాబితాను అప్పుడప్పుడు ఓపీఎంఎల్ ఫైలుగా ఎగుమతి చేసి మీ ఈమెయిలుకు పంపుకోవాలి. ఏ కొత్త యాప్‌కు మారినా ఆ ఫైలు తిరిగి ఎక్కించవచ్చు. సైట్లూ మాయమవుతాయి. మనసుకు పట్టిన వ్యాసం కనిపించిన రోజే దాని చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ గడిలో వేసి భద్రపరచండి. పాత లింకు తెరుచుకోకపోయినా అక్కడే చిరునామా వెతికితే కొన్నిసార్లు పూర్వపు ప్రతి దొరుకుతుంది.

మూడు నాలుగు నెలలకొకసారి జాబితాను తిరగేసి, తెరవకుండానే దాటేస్తున్న సైట్లను మొహమాటం లేకుండా తీసివేయాలి. తెలుగు వికీపీడియాలోని మీ ఊరి వ్యాసాన్ని మాత్రం జాబితా నుంచి తీసివేయవద్దు. దానిలో జిల్లా పేరో, మండలమో పాతదిగా ఉంటే ‘మార్చు’ నొక్కి సరిచేసి, జిల్లాల పునర్వ్యవస్థీకరణ ప్రభుత్వ ఉత్తర్వును మూలంగా చూపండి. మూలం చూపని మార్పును మరొకరు వెనక్కి తిప్పవచ్చు. అలా జరిగితే ‘చర్చ’ పేజీలో మీ ఆధారాన్ని మర్యాదగా వివరించండి.