కాంగాలో ఓపెన్ టోన్, స్లాప్ విడివిడిగా పలకాలంటే

నా కాంగా (చేతులతో వాయించే పొడవాటి క్యూబా డ్రమ్ము) మీద ఓపెన్ టోన్ (నిండుగా మోగే దెబ్బ) కొట్టినా స్లాప్ (చురుగ్గా చరిచినట్టుండే దెబ్బ) కొట్టినా దాదాపు ఒకటే చప్పుడు వచ్చేది, పైగా ఎడమ చేతి దెబ్బ గోడ అవతల ఎవరో కొట్టినట్టు వినిపించేది. చర్మం మార్చాలా, ఇంకా బిగించాలా అని చాలా ఆలోచించాను గానీ, తేడా వచ్చింది చెయ్యి పెట్టే తీరు మార్చాకే.

ఓపెన్ టోన్‌కి నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి, వేళ్ల మొదట్లో అరచేతికి ఉండే మెత్తటి భాగం సరిగ్గా అంచు మీద పడేలా చూసుకోవాలి, బొటనవేలు పక్కకు ఎత్తి ఉంచాలి, లేదంటే రిమ్ముకి తగిలి వాచిపోతుంది. దెబ్బ పడగానే చెయ్యి దానంతటదే పైకి లేవాలి. చర్మం మీద ఆగిందో, మోత అక్కడే చచ్చిపోతుంది. స్లాప్‌కి చేతిని కొద్దిగా దొప్పలా వంచి వేళ్లు వదులుగా ఉంచితే చాలు, వేలికొసలు చర్మాన్ని చరుస్తాయి. బలం అక్కర్లేదు, నిజంగా!

చేతికి అదుపు రావడానికి క్యూబావాళ్ల తుంబావో అనే తాళం నడక పట్టుకున్నాను. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ చూపే పరికరం) నిమిషానికి 60 బీట్లకి పెట్టి, ఎడమ చేత్తో అరచేతి అడుగు, తర్వాత వేళ్లు, రెండో బీట్‌కి కుడి చేత్తో స్లాప్, మళ్లీ ఎడమ చెయ్యి నడిపిస్తూ ఉంటే నాలుగో బీట్‌లో కుడి చేత్తో రెండు ఓపెన్ టోన్లు. ఫోన్‌లో రికార్డు చేసి వింటాను, ఆ రెండూ ఒకేలా మోగకపోతే స్పీడు పెంచను. ఇదే చేతులు మార్చి వాయించడం మహా విసుగు, కానీ ఎడమ చెయ్యి దారికొచ్చింది దాంతోనే.