పాత పత్రికల్లో మగ గుర్రాల ప్రకటన చూసి వంశం తేల్చడం ఎలా?

పంతొమ్మిదో శతాబ్దపు ఆస్ట్రేలియా పత్రికల్లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ప్రకటనల పేజీ తిరగేస్తే వరసగా చిన్న చిన్న గుర్రపు బొమ్మలు కనిపిస్తాయి. ఫలానా థరోబ్రెడ్ (పందేల జాతి) మగ గుర్రం ఈ సీజన్లో ఫలానా ఎస్టేట్‌లో ఉంటుంది, మీ ఆడగుర్రాలను తోలుకురండి, దాటించినందుకు రుసుము ఇంత, దాని తండ్రి ఫలానా, తల్లి ఫలానా అని ఉంటుంది. ఆ నాలుగు లైన్లలోంచి వంశవృక్షం గీయడం పెద్ద విద్యేం కాదు. అయినా చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి తల్లివైపు కొమ్మ తీసుకెళ్లి తండ్రికి అతికించి ఉంటుంది. మలక్‌పేట రేసుకోర్సులో ముప్ఫై ఏళ్లుగా పందేలు చూస్తున్న పెద్దమనుషులు కూడా ఇదే తప్పు చేస్తారు, పైగా గట్టిగా వాదిస్తారు.

మనకెందుకిదంతా అనుకునేవాళ్లకు ఒక మాట. న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో వచ్చిన వేలర్ గుర్రాలు మద్రాసు రేవులోనూ దిగేవి. హోసూరు దగ్గర మత్తిగిరిలో సైన్యానికి గుర్రాల డిపో ఉండేది. మన వైపు దండు బజార్లలో తిరిగిన గుర్రాల్లో కొన్నింటి తాతలు ఈ ప్రకటనల్లోనే ఉన్నారు.

కావలసినవి

ఇంటర్నెట్ ఉంటే చాలు. ఆస్ట్రేలియా పత్రికలకు ఆ దేశ జాతీయ గ్రంథాలయం వాళ్ల ట్రోవ్, న్యూజిలాండ్ పత్రికలకు పేపర్స్ పాస్ట్. రెండూ ఉచితం. ఒక పెద్ద కాగితం, పెన్సిలు, రబ్బరు. పెన్ను వద్దు. వంశవృక్షాలు గీసే సాఫ్ట్‌వేర్ అసలే వద్దు. అది ఖాళీ గడులు చూపించి, వాటిని నింపి తీరాలన్న దురద పుట్టిస్తుంది.

ప్రకటన వెతకడం

గుర్రం పేరు కొట్టి వెతికితే సగం దొరకవు. పాత అచ్చును యంత్రం చదివింది కాబట్టి యట్టెండన్ అన్న గుర్రం పేరును అది ఏమని రాసుకుందో దానికే తెలియాలి. ఎస్టేట్ పేరు, ఏడాది, దాంతోపాటు 'గ్రూమేజ్' అన్న మాట పెట్టి వెతకండి. గుర్రాన్ని చూసుకునే సైసుకు ఇచ్చే మామూలు అది, దాదాపు ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. సిడ్నీ గెజెట్ 1803 నుంచి ఉంది. హంటర్ లోయ గుర్రాలకు 1843లో మొదలైన మెయిట్‌లాండ్ మెర్క్యురీ, పందేల కబుర్లకు 1845 నాటి బెల్స్ లైఫ్ ఇన్ సిడ్నీ చూడండి.

పక్కనున్న బొమ్మను పట్టించుకోకండి. అది ప్రెస్సులో ఉండే రెడీమేడ్ అచ్చుదిమ్మ. అదే దిమ్మ పక్క ప్రకటనలో ఇంకో గుర్రానికీ వాడారు.

డబ్బు, ఎత్తు

రుసుము గినీల్లో ఉంటుంది. గినీ అంటే 21 షిల్లింగులు, పౌనుకు 20 షిల్లింగులే. గినీని పౌనుగా రాసేసుకుంటే అయిదు గినీల దగ్గర పెద్ద తేడా కనబడదు. 1895లో పోర్ట్‌లాండ్ డ్యూక్ కార్బైన్ అన్న గుర్రాన్ని కొన్న 13,000 గినీల దగ్గర మాత్రం 650 పౌన్లు మాయమైపోతాయి. సైసు మామూలు, ఆడగుర్రం మేత ఖర్చు వేరే. జాగ్రత్తగా చూస్తాం గాని ఏం జరిగినా మా పూచీ లేదు అన్న వాక్యం అన్నిట్లోనూ ఉంటుంది, దాన్ని రాసుకోనక్కర్లేదు. ఎత్తు 15.2 అని ఉంటే అది దశాంశం కాదు. పదిహేను చేతుల రెండు అంగుళాలు. చెయ్యి అంటే 4 అంగుళాలు, కాబట్టి మొత్తం 62 అంగుళాలు.

వంశవాక్యం చదవడం

ఇక్కడ నెమ్మదించండి. పాడయ్యేవన్నీ ఇక్కడే పాడవుతాయి.

1890లో మెల్‌బోర్న్ కప్పు గెలిచిన కార్బైన్‌నే తీసుకుందాం. ప్రకటనల ధోరణిలో రాస్తే దాని వంశం ఇలా ఉంటుంది: కార్బైన్, బై మస్కెట్, ఔట్ ఆఫ్ మెర్సీ, బై నోస్లీ, ఔట్ ఆఫ్ క్లెమెన్స్, బై న్యూమిన్‌స్టర్. 'బై' తరవాత వచ్చేది తండ్రి, 'ఔట్ ఆఫ్' తరవాత వచ్చేది తల్లి. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలిసీ ఏం చేస్తారంటే, 'బై' అన్న పేర్లన్నీ ఏరి మగవరసలో ఒకదాని కింద ఒకటి పేర్చేస్తారు. కార్బైన్ తండ్రి మస్కెట్, మస్కెట్ తండ్రి నోస్లీ, నోస్లీ తండ్రి న్యూమిన్‌స్టర్ అయిపోతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, మొదటి మెట్టు తప్ప అంతా తప్పు. నోస్లీ మెర్సీకి తండ్రి. న్యూమిన్‌స్టర్ క్లెమెన్స్‌కు తండ్రి. మస్కెట్ తండ్రి టాక్సోఫిలైట్, ఆ పేరు వాక్యంలో ఎక్కడా లేదు.

ఎందుకు లేదంటే, పేరున్న మగ గుర్రం తండ్రి ఎవరో చదివేవాళ్లకు తెలుసని యజమాని ధీమా. అతను చెప్పాలనుకున్నది తల్లి గురించి. అందుకే మొదటి పేరు దాటాక వాక్యమంతా తల్లిదే. తల్లి, తల్లి తండ్రి, అమ్మమ్మ, అమ్మమ్మ తండ్రి, అలా ఆడవరస పట్టుకుని వెనక్కి పోతుంది. మగ పేర్లు ప్రతి మెట్టు దగ్గరా పక్కన నిలబడి ఉంటాయంతే.

కాబట్టి కాగితం మీద కొమ్మలు గీయకండి. ముందు ఆడ పేర్లను నిలువునా రాయండి: మెర్సీ, దాని కింద క్లెమెన్స్. ప్రతి పేరుకూ కుడిపక్కన దాని తండ్రి: మెర్సీ పక్కన నోస్లీ, క్లెమెన్స్ పక్కన న్యూమిన్‌స్టర్. మస్కెట్‌ను పైన విడిగా పెట్టండి. ఈ జాబితా పూర్తయ్యేదాకా వృక్షం జోలికి పోవద్దు. నేరుగా వృక్షమే గీసేస్తానంటే నేను ఆ కాగితం చూడను కూడా చూడను.

తరవాత కామాల సంగతి. అచ్చుకూర్పరి చోటు చాలక కామాలు, ఒక్కోసారి అక్షరాలూ ఎగరగొడతాడు. 'డ్యామ్' అంటే తల్లి, 'జి. డ్యామ్' అంటే అమ్మమ్మ, 'జి. జి. డ్యామ్' అంటే అమ్మమ్మ తల్లి. ఒక 'జి' ఊడిపోతే ఒక తరం మాయమై, అమ్మమ్మే తల్లి అయి కూర్చుంటుంది. అదే ప్రకటన వారం వారం వస్తుంది కాబట్టి ఒక్కదాన్నే చూసి వదిలేయకండి. అచ్చు మళ్లీ కూర్చింది ఎప్పుడో పట్టుకుని, ఆ కూర్పునూ ఈ కూర్పునూ పక్కపక్కన పెట్టి 'జి'లు లెక్కపెట్టండి.

ఇక పేర్ల చిక్కు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లలోలాగే గుర్రాల్లోనూ ఉంది. 1843లో న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టిన సర్ హెర్క్యులిస్‌కు తండ్రి క్యాప్-ఎ-పై, తల్లి పరాగ్వే. ఆ పరాగ్వే తండ్రి పేరూ సర్ హెర్క్యులిసే. ఆయన 1826లో ఐర్లండ్‌లో పుట్టాడు, బర్డ్‌క్యాచర్ అనే గుర్రానికి తండ్రి ఆయనే. 1866లో మెల్‌బోర్న్ కప్పు గెలిచిన ది బార్బ్, 1861లో పుట్టిన యట్టెండన్, ఇద్దరూ మనవడి పిల్లలు. యట్టెండన్ కొడుకుల్లో చెస్టర్ 1877లో, గ్రాండ్ ఫ్లానర్ 1880లో అదే కప్పు గెలిచారు. ఇక్కడ తాతను, మనవణ్ని తారుమారు చేస్తే రెండు తరాలు ఎగిరిపోయి, మూడు కప్పుల గుర్రాల వంశాలు ఒక్క దెబ్బకు పాడవుతాయి. విరుగుడు ఒక్కటే. పుట్టిన ఏడాది పక్కన లేకుండా కాగితం మీద ఒక్క పేరు కూడా రాయకూడదు.

యజమాని పేరు ముందు తగిలించిన గుర్రాలు ఇంకో రకం. యట్టెండన్ తల్లి కాసాండ్రా, ఆమె తండ్రి ట్రోస్. కాసాండ్రా తల్లి ఆలిస్ గ్రే, ఆమె తండ్రి 'రౌస్ ఎమిగ్రెంట్'. ఆ 'రౌస్' అలంకారం కాదు. ఎమిగ్రెంట్ అన్న పేరు గుర్రాలు మరికొన్ని ఉన్నాయి కాబట్టి ఇది కెప్టెన్ రౌస్ గుర్రమని గుర్తు. రెయిన్‌బో అనే యుద్ధనౌక మీద సిడ్నీకి వచ్చిన ఆయనే తరవాత అడ్మిరల్ అయి, వయసును బట్టి గుర్రం మోయాల్సిన బరువుల పట్టిక తయారుచేశాడు. పేరు పొడవుగా ఉందని రౌస్‌ను కొట్టేసినవాళ్లు వేరే ఎమిగ్రెంట్ ఇంట్లో తేలతారు.

చివరగా 'బ్రదర్' అన్న మాట. ప్రకటనలో 'ఓన్ బ్రదర్' అని ఉంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరే. 'హాఫ్ బ్రదర్' అంటే తల్లి ఒకటే, తండ్రులు వేరు. తండ్రి ఒకడై తల్లులు వేరైతే రేసు లోకంలో అన్నదమ్ముల లెక్కలోకి రారు. మగ గుర్రానికి ఏడాదికి డజన్ల కొద్దీ పిల్లలు పుడతాయి, ఆడగుర్రానికి ఒక్కటే. అందరినీ అన్నదమ్ములంటే ఇక ప్రకటనకు విలువేముంది?

తండ్రి వైపు నుంచి మొదలుపెడితే త్వరగా తేలుతుందని వాదించేవాళ్లు ఉన్నారు. త్వరగానే తేలుతుంది, ఎందుకంటే ఆ వైపు అసలు సందేహాలే ఉండవు. ఏ థరోబ్రెడ్ మగ గుర్రం నుంచి వెనక్కి వెళ్లినా డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయర్లీ టర్క్ అనే ముగ్గురిలో ఒకరి దగ్గరికి చేరతారు. అది తెలిసినంత మాత్రాన మీ గుర్రం గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. అబద్ధాలన్నీ ఆడవరసలోనే దూరతాయి, కాబట్టి పని కూడా అక్కడే మొదలవ్వాలి. ఆస్ట్రేలియావాడు బ్రూస్ లో ఈ సంగతి గ్రహించి ఆడవరసలకు నంబర్లు ఇచ్చాడు. ఇంగ్లండ్‌లోని డెర్బీ, ఓక్స్, సెయింట్ లెజర్ పందేలు ఎక్కువ గెలిచిన వరసకు ఒకటో నంబరు, తరవాతిదానికి రెండు, అలా. ఆయన పోయాక 1895లో పుస్తకంగా వచ్చింది. నంబరు చిన్నదైతే గుర్రం గొప్పదన్న నమ్మకాన్ని నేను లెక్కచేయను. గుర్తుగా మాత్రం నంబరు భేషుగ్గా పనికొస్తుంది. కార్బైన్‌ది రెండో నంబరు.

సరిచూడటం

జాబితా తయారయ్యాక స్టడ్ పుస్తకాలతో, అంటే గుర్రాల వంశాలు నమోదు చేసిన పుస్తకాలతో, పోల్చండి. ముందు దగ్గరి పుస్తకం, తరవాత దూరపుది. ఆస్ట్రేలియా స్టడ్ బుక్ మొదటి సంపుటి యూయిల్ 1878లో తెచ్చాడు. అంతకుముందు న్యూ సౌత్ వేల్స్‌కు ఫౌలర్ బాయ్డ్ ప్రైస్ 1859లో ఒకటి వేశాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆడగుర్రమైతే వెదర్బీల జనరల్ స్టడ్ బుక్ చూడాలి, దాని తొలి రూపం 1791 నాటిది. ప్రకటనకూ పుస్తకానికీ పేచీ వస్తే పుస్తకం గెలుస్తుందనుకోకండి. 1859కి ముందు పుట్టిన గుర్రాల సంగతులు పుస్తకాల్లోకి ఎక్కేనాటికే పాతబడ్డాయి.

రంగు చూడండి. గ్రే గుర్రానికి తల్లో తండ్రో ఒకరు గ్రే అయి తీరాలి. ఇద్దరూ చెస్ట్‌నట్ (ఒళ్లూ జూలూ ఎర్రటి గోధుమ రంగు) అయితే పిల్ల చెస్ట్‌నట్టే. ఇద్దరు చెస్ట్‌నట్‌లకు బే (గోధుమ రంగు ఒళ్లు, నల్ల జూలు) పుట్టిందని ప్రకటన చెబితే ఆ ముగ్గురిలో ఎవరి రంగో తప్పు రాశారు, లేదా తండ్రి వేరే.

నెలలు చూడండి. ఆడగుర్రం పదకొండు నెలలు మోస్తుంది. ఓడ దిగిన అయిదు నెలలకే ఈనితే అది ఇంగ్లండ్‌లోనే చూడి కట్టిందన్నమాట. తండ్రిని ఆస్ట్రేలియాలో వెతక్కండి. ఇంగ్లండ్ గుర్రానికి జనవరి 1న ఏడాది మారుతుంది, ఆస్ట్రేలియాలో ఆగస్టు 1న లెక్క స్థిరపడింది. అందుకే వయసులో ఒక ఏడాది తేడా వస్తే కంగారుపడకండి. రెండేళ్లు తేడా వస్తే అది వేరే గుర్రం.

తల్లి దొరక్కపోతే

ఫలానా దొరగారి ఆడగుర్రం అని మాత్రమే ఉంటే అక్కడ గీత గీసి ఆగండి. ఆ దొరగారి దగ్గర ఆ ఏడాది ఉన్న మంచి గుర్రం పేరు వెతికి అక్కడ పెట్టకండి. పెన్సిలుతో కూడా పెట్టకండి.

ప్రతి పేరు పక్కనా పత్రిక, తేదీ, పేజీ రాసుకోండి. ఒకే గుర్రానికి నాలుగైదేళ్ల ప్రకటనలు దొరికితే వరసగా పెట్టి రుసుము ఎలా మారిందో, వంశం ఎలా మారిందో చూడండి. రుసుము పడిపోతున్నకొద్దీ వంశం పొడుగవుతుంటే మొదటి ఏడాది ప్రకటననే తీసుకోండి. తరవాతి ఏళ్లలో కొత్తగా చేరిన ప్రతి అమ్మమ్మ దగ్గరా, అదే ఏడాది గుర్రం చేతులు మారిందేమో అమ్మకాల వార్తల్లో వెతకండి.