వెలికొండలెక్కే ముందు ఆకాశం చూసుకోవడం: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే, మా నెల్లూరు, ప్రకాశం వైపు కొండలెక్కే వాళ్లకి ఇంక ఎక్కువ రోజులు మిగల్లేదని లెక్క. ఉదయగిరి దుర్గం, పెంచలకోన, సీతారాంపురం దగ్గర ఘటిక సిద్ధేశ్వరం, చంద్రశేఖరపురం మండలంలో భైరవకోన, మనవాళ్లు ఎక్కువగా వెళ్లేవి ఇవే. "మూడు వేల అడుగుల కొండకి వాతావరణం చూసేదేంది, అదేమన్నా హిమాలయమా" అని నవ్వేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. మంచు పడదు, నిజమే. ఇక్కడ మనిషిని పడగొట్టేది ఎండ, దాని తర్వాత పిడుగు, రెండూ పొద్దెక్కాక వచ్చేవే. అందుకని పదకొండు గంటలకల్లా కింద ఉండేలా చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకోండి.

ఉదాహరణకి మార్చి మధ్యలో మనకి సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో. ఎలుగుబంట్లు తిరిగే అడవిలో చీకట్లో నడవడం మంచిది కాదు కాబట్టి కాస్త వెలుతురొచ్చాక ఆరింటికి మొదలుపెట్టారనుకోండి, దిగడానికి రెండు గంటలు పడుతుందంటే తొమ్మిదింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే. "ఇంకో అరగంటే, పైకొచ్చేశాం" అనే మనిషి మాట ఆ టైమ్‌లో వినకండి. ఏప్రిల్‌లో అయితే మొత్తం కొండ వద్దు, సగం దాకా చాలు.

ఫోన్‌లో నెల్లూరు ఉష్ణోగ్రత చూసి బయల్దేరడం అందరూ చేసే పని. నెల్లూరికి మధ్యాహ్నానికి సముద్రపు గాలి తగులుతుంది. ఉదయగిరి అక్కణ్ణుంచి లోపలికి దాదాపు వంద కిలోమీటర్లు, ఆ గాలి అంత దూరం వస్తే సాయంత్రానికి వస్తుంది, ఒక్కోరోజు అసలు రాదు, పడమటి నుంచి పొడి గాలి కొడుతుంది. కాబట్టి ఊరి పేరు మార్చి, ఉదయగిరి, రాపూరు, కనిగిరి, మీరెక్కే కొండకి ఏది దగ్గరైతే అది చూడండి. వేసవి మొదలయ్యాక రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాలులు వీస్తాయో పేర్లతో సహా ముందురోజే చెబుతుంది. అందులో మీ మండలం ఉంటే ఆ రోజుకి కొండ మాట మర్చిపోండి. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 40 డిగ్రీలు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పైన ఉంటేనో, ఏకంగా 45 చేరితేనో వడగాలి అంటారు. బరువు మోసుకుంటూ రాళ్ల మీద ఎక్కేవాడికి 36 దగ్గరే చుక్కలు కనపడతాయి.

పైకెళ్లే కొద్దీ చల్లగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కిలోమీటరు ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే ఉదయగిరి కొండ మీద కిందకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. అయితే ఆ లెక్క నీడలో గాలికే, ఎండలో నిలబడ్డ మీ నెత్తికి కాదు. శిఖరం మీద గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు పోతున్న సంగతే తెలియదు. దానికి తోడు ఇవి ఆకురాల్చే అడవులు. జనవరిలో నీడగా ఉన్న కాలిబాట మార్చికి బోడి కొమ్మల కింద ఎండలో ఉంటుంది, బండలు పెనంలా కాలుతుంటాయి. ఈ వెలికొండల వరస ఉత్తర దక్షిణాలుగా పోతుంది కాబట్టి నెల్లూరు వైపు వాలు మీద పొద్దున ఎండ సూటిగా పడుతుంది, సాయంత్రం మాత్రం సూర్యుడు కొండ వెనక్కి పోయి లోయల్లో తొందరగా మసకబడుతుంది. ఆలస్యమైన వాళ్లు దారి తప్పేది ఆ మసకలోనే.

నీళ్ల సంగతి. మన జిల్లాలకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో పడేది చాలా తక్కువ. సంక్రాంతికి వెళ్లినవాళ్లు పెట్టిన వీడియోలో పెంచలకోన జలపాతం దూకుతుంటే చూసి, అక్కడ నింపుకుందాంలే అని ఖాళీ సీసాతో పోవద్దు. దొనల్లో నిలిచిన నీళ్లు పచ్చగా మారి ఉంటాయి, వాటికి జంతువులు కూడా వస్తాయి. మనిషికి మూడు లీటర్లు తక్కువ కాకుండా కింద నుంచే మోయండి, ఏప్రిల్‌లో నాలుగు. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు వేసుకోండి, లేదా ఉప్పేసిన మజ్జిగ. కూల్‌డ్రింక్ మీద నాకు నమ్మకం లేదు.

ఫిబ్రవరి పొద్దుల్లో ఇంకో చిన్న తకరారు: పొగమంచు, రాళ్ల మీద తేమ. తొమ్మిది లోపే ఆరిపోతుంది, అందాకా నున్నటి మెట్ల మీద నెమ్మదిగా నడవండి. మార్చి నుంచి జారేది ఎండిన బోదగడ్డి మీద, ముఖ్యంగా దిగేటప్పుడు. ఆ గడ్డే నిప్పుకి ఆహారం కూడా. అడవిలో కార్చిచ్చుల కాలం ఇదే, గాలి ఉన్న రోజు మంట గడ్డిలో వాలుపైకి మనిషి పరుగు కంటే వేగంగా ఎక్కుతుంది. బీడీ, సిగరెట్, పొయ్యి, ఏదీ వద్దు. దూరంగా పొగ కనపడితే ఫోటోల కోసం ఆగకుండా, పొగ ఏ వైపు వాలుతుందో చూసి దానికి అడ్డంగా తప్పుకుని దిగిపోండి. పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, గుడి దాటి లోపలికి పోవాలంటే ఫారెస్టోళ్ల అనుమతి తీసుకోండి. ఎర్రచందనం ఉన్న కొండలు, తెల్లారకముందే బ్యాగులేసుకుని తిరిగే గుంపుని వాళ్లు ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు.

ఇక మబ్బులు. మార్చి నెలాఖరు నుంచి, మరీ ముఖ్యంగా అశ్వని, భరణి కార్తెల్లో, పొద్దున ఆకాశం తళతళలాడుతూ ఉండి మధ్యాహ్నం మూడు తర్వాత గాలివాన దిగిన రోజులు ఉంటాయి. నేల బాగా వేడెక్కి గాలి పైకి లేస్తుంది, బంగాళాఖాతం నుంచి తేమ దానికి తోడవుతుంది, కొండ వాలు ఆ గాలిని ఇంకా పైకి నెడుతుంది. అందుకే కొండల మీద మబ్బు ముందు పుడుతుంది. పొద్దున పదింటికే ఉక్కపోతగా ఉండి, పడమట చిన్న చిన్న తెల్ల మబ్బులు అడ్డంగా పరుచుకోకుండా నిలువుగా పెరుగుతున్నాయంటే ఆ రోజు మాట అక్కడే తేలిపోయినట్టు. అడుగు నల్లబడి, పైభాగం కమ్మరి దాగలి ఆకారంలో విప్పుకున్నాక చూస్తూ కూర్చోవడానికి టైమ్ ఉండదు. వేడిగాలి ఆగి, హఠాత్తుగా చల్లటి గాలి దుమ్ముతో కొట్టిందంటే వాన వెనకే ఉంది. ఒక్కోసారి వడగళ్లు కూడా.

బయల్దేరే ముందు వాతావరణ శాఖ సైట్‌లో రాడార్ బొమ్మ చూడటం అలవాటు చేసుకోండి, మనకి శ్రీహరికోట, చెన్నై రాడార్లు పనికొస్తాయి. పిడుగులకి దామిని యాప్ ఉంది, చుట్టుపక్కల ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. అయితే కోనల్లో సిగ్నల్ దొరికేది అరకొరగానే, కాబట్టి అసలు పని కళ్లూ చెవులే చెయ్యాలి. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టండి, మూడు సెకన్లకి సుమారు కిలోమీటరు దూరం. ముప్పై లోపు వినపడితే పిడుగు మీ మీద పడే దూరంలో ఉన్నట్టే. ముందు శిఖరం, గుట్ట అంచు వదిలి కిందకి దిగండి. ఒంటరి చెట్టు, జెండా కర్ర, కోట గోడ, పాడుబడ్డ మండపం, ఇవేవీ దిక్కు కావు, బండ చాటున లోతులేని గుహ నోట్లో కూర్చోవడం ఇంకా ప్రమాదం. అందరూ ఒకేచోట గుమికూడకుండా దూరం దూరంగా ఉండండి, దిగే వీలు లేకపోతే పల్లంలో పాదాలు దగ్గర పెట్టుకుని గొంతుక్కూర్చోండి. కారు దాకా చేరగలిగితే అద్దాలెత్తి లోపల ఉండటమే మేలు. చివరి ఉరుము విన్నాక ముప్పై నిమిషాలు ఆగండి. భైరవకోన లాంటి ఇరుకు చోట వాన మీ దగ్గర పడకపోయినా ఎగువన ఉరుముతుంటే వాగులోంచి బయటికి రండి.

ఎవరికన్నా తలతిరుగుడు, వాంతి వస్తున్నట్టు, కాళ్లు పట్టేయడం ఉంటే నీడలో పడుకోబెట్టి ఉప్పునీళ్లు కొద్దికొద్దిగా తాగించి అక్కణ్ణుంచే వెనక్కి తీసుకురండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ: బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసరండి, స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, సిగ్నల్ దొరికే చోటికి ఒక మనిషిని పరిగెత్తించి 108కి ఫోన్ చేయించండి.