బోర్డ్ గేమ్ ఆడొచ్చాక "బాగుంది" అని ఊరుకోకుండా ఫ్రెండ్స్‌కి ఎలా చెప్పాలంటే

శనివారం రాత్రి నలుగురు కూర్చుని ఆడతారు, ఆదివారం పొద్దున గ్రూప్‌లో ఒక మెసేజ్ పడుద్ది, "నిన్న కటాన్ ఆడాం, కేక", దాని కింద మూడు ఎమోజీలు, అంతే. రానివాళ్ళకి దీంట్లో తెలిసిందేంటి? ఏమీ లేదు. ఇంకో రకం వాళ్ళుంటారు, వాయిస్ నోట్ పెట్టి రూల్ బుక్ మొత్తం మొదటి పేజీ నుంచి అప్పజెప్తారు, అది ఎవరూ పూర్తిగా వినరు, విన్నామని మాత్రం అంటారు. నేను చెప్పేది ఈ రెండింటికీ మధ్యలో పద్ధతి. డబ్బాలో ఏముందో, రూల్స్ ఏంటో ఎవడైనా యూట్యూబ్‌లో చూసుకుంటాడు, మీ టేబుల్ దగ్గర ఏం జరిగిందో మాత్రం మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు, కాబట్టి అదే చెప్పండి.

ముందు నాలుగు విషయాలు ఒకే లైన్‌లో పడేయండి: ఎంతమంది ఆడారు, వాళ్ళు పాతకాపులా కొత్తవాళ్ళా, ఎంతసేపు పట్టింది, మీకిది ఎన్నోసారి. ఇవి లేకుండా ఎంత రాసినా వేస్ట్. ఎందుకంటే మనుషుల సంఖ్య మారితే ఆటే మారిపోద్ది. అజుల్ తీసుకోండి, మిషాయెల్ కీస్లింగ్ 2017లో తెచ్చిన రంగు టైల్స్ ఆట. ఇద్దరు ఆడితే మధ్యలో 5 గుండ్రటి ప్లేట్లు, ముగ్గురికి 7, నలుగురికి 9, ఒక్కోదాంట్లో 4 టైల్స్. ఇద్దరే ఉన్నప్పుడు ఎదుటివాడికి ఏం కావాలో, ఏం వద్దో మొత్తం కనపడుతూనే ఉంటది, వాడికి పనికిరానివన్నీ వాడి నెత్తిన పడేలా లెక్కేసి ఆడొచ్చు, చదరంగం అంత కసిగా ఉంటది. నలుగురైతే మీ వంతు తిరిగొచ్చేసరికి మీరు కన్నేసిన ప్లేట్ ఖాళీ, అప్పటికప్పుడు ఉన్నదాంతో సర్దుకోవడమే. మొదటి రకంగా ఆడినవాడు "బుర్ర వేడెక్కింది" అంటాడు, రెండో రకంగా ఆడినవాడు "సరదాగా సాగిపోయింది" అంటాడు, ఇద్దరూ నిజమే చెప్పారు, కానీ ఎంతమంది ఆడారో చెప్పకపోతే వినేవాడికి మతిపోద్ది.

టైం సంగతి కూడా అంతే. వింగ్‌స్పాన్ డబ్బా మీద 40 నుంచి 70 నిమిషాలు అని ఉంటది, అది ఆట తెలిసినవాళ్ళ లెక్క. అందులో 170 పక్షి కార్డులున్నాయి, చాలా పక్షులకి ఏదో ఒక పని ఉంటది, ఐదుగురు కొత్తవాళ్ళు కూర్చుని ఒక్కోటీ చదువుకుంటూ, "ఇదెప్పుడు వాడాలి" అని అడుగుతూ, మధ్యలో ఒకడు ఫోన్ మాట్లాడొచ్చి, టీ తాగి... రెండు గంటలు దాటడం చాలా మామూలు. మీరు చెప్పేటప్పుడు రూల్స్ వివరించిన టైం కూడా కలిపి చెప్పండి, తొమ్మిదింటికి మొదలుపెడదామా వద్దా అని డిసైడ్ చేసుకునేవాడికి కావాల్సింది ఆ నంబరే.

తర్వాత ఆట ఏంటో చెప్పాలి, కానీ రెండు మూడు వాక్యాల్లోనే. ఏం సాధించాలి, నా వంతు వస్తే ఏం చేస్తాను, ఎక్కడ దెబ్బ పడుద్ది, ఈ మూడూ చాలు. టికెట్ టు రైడ్‌కి నేనైతే ఇలా చెప్తా: "మీ చేతిలో టికెట్లుంటాయి, ఒక్కోదాని మీద రెండు ఊళ్ళు, ఆ రెండింటినీ మీ రైలు పెట్టెలతో కలపాలి. వంతుకి ఒకటే పని, రంగు కార్డులు తీసుకోవడమో, దారి వేయడమో, కొత్త టికెట్లు తీయడమో. మీకు కావాల్సిన దారి పక్కవాడు ముందే వేసేస్తే చుట్టూ తిరిగి పోవాలి, ఆఖరికి కలపలేకపోతే ఆ టికెట్ పాయింట్లు మైనస్." అయిపోయింది. ఒక్కొక్కళ్ళకి 45 పెట్టెలని, ఆరు పెట్టెల దారికి 15 పాయింట్లని ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఆడేటప్పుడు తెలుస్తాయి. ఏ మ్యాప్ మీద ఆడారో మాత్రం కచ్చితంగా చెప్పండి. 2004లో వచ్చిన మొదటిది అమెరికా మ్యాప్, తర్వాత బోలెడు వచ్చాయి, మన ఇండియా మ్యాప్ కూడా ఉంది, 2011లో స్విట్జర్లాండ్‌తో కలిపి వచ్చింది, దాంట్లో టికెట్‌లోని రెండు ఊళ్ళనీ రెండు వేరే వేరే దారుల్లో కలిపితే అదనంగా బోనస్. అది అదనపు మ్యాప్ మాత్రమేనని తెలీక ఎవడైనా మీ మాట నమ్మి ఆ డబ్బా ఒక్కటే కొన్నాడంటే రైలు పెట్టెలు, కార్డులు అందులో ఉండవు, పాత గేమ్ కూడా ఉండాల్సిందే, మిమ్మల్ని జన్మంతా తిట్టుకుంటాడు.

ఇక పోలికలు. ఇక్కడే చాలామంది "ఇంజిన్ బిల్డింగ్", "వర్కర్ ప్లేస్‌మెంట్" అని మొదలుపెడతారు, అవి ముందే తెలిసినవాడికి మీ రివ్యూ అక్కర్లేదు, తెలీనివాడికి అర్థం కాదు. మనవాళ్ళకి క్యారమ్స్ తెలుసు, లూడో తెలుసు, చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో బిజినెస్ ఆడి దెబ్బలాడుకున్నారు, ఇంట్లో పెద్దాళ్ళకి పచ్చీసు, అష్టాచెమ్మా, పులిమేక తెలుసు. వాటితో చెప్పండి. రూట్ అని ఒక గేమ్ ఉంది, 2018లో వచ్చింది, అడవిలో నాలుగు వర్గాలు, ఒక్కో వర్గానికి ఒక్కో రకం రూల్స్, దాన్ని అసిమెట్రిక్ అంటారు. పులిమేకలో 3 పులులకి ఒక రూలు, 15 మేకలకి ఇంకో రూలు, పులి దూకి చంపుద్ది, మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టేస్తాయి కదా, అదే పద్ధతి నలుగురికి నాలుగు రకాలుగా ఉంటే ఎలా ఉంటదో అదీ రూట్, అని చెప్తే అమ్మమ్మకి కూడా ఎక్కేస్తది. ఆ నాలుగు రకాలూ నేర్పడానికే ఒక పూట పోద్దని కూడా కలిపి చెప్పాలి మరి, అది దాచేస్తే అన్యాయం.

ఇంకోటి, నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చేది, ఈ ఆటలో కాయల్ని చంపడం ఉందా లేదా. పచ్చీసులో చుట్టంతా తిరిగొచ్చి ఇంటి దారి ఎక్కబోయే కాయని చంపేస్తే ఎంత మండుద్దో అందరికీ తెలుసు, కొందరికి ఆ మంటే ఆటలో మజా, కొందరు ఆ తర్వాత రెండ్రోజులు మాట్లాడరు. స్ప్లెండర్ అని రంగు రాళ్ళతో కార్డులు కొనే ఆట ఉంది, దాంట్లో మీ దగ్గరున్నది ఎవరూ లాక్కోరు, మహా అయితే మీరు కన్నేసిన కార్డు ముందే పట్టుకుపోతారు. కటాన్‌లో దొంగని మీ పొలం మీద కూర్చోబెట్టి మీ చేతిలోంచి ఒక కార్డు లాక్కుంటారు, పైగా మీ మొహంలోకి చూసి నవ్వుతారు. కొత్తగా పెళ్ళైన జంటకి, ఆఫీసులో మేనేజర్‌తో కలిసి ఆడబోయేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్తే పుణ్యం ఉంటది.

ఆ తర్వాత ఆటలో ఏదో ఒక్క సీన్ చెప్పండి, మొదట్నుంచి చివరిదాకా కామెంటరీ వద్దు, ఒక్కటే. అజుల్‌లో పట్టని టైల్స్ అన్నీ కింద వరసలో పడతాయి, వాటికి మైనస్ 1, 1, 2, 2, 2, 3, 3, అన్నీ నిండితే 14 పోతాయి. "రౌండ్ చివర్లో మధ్యలో ఆరు నల్లవి మిగిలాయి, ఎవరు తీసుకోవాలా అని నలుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం, అందరూ తప్పించుకున్నాక మా బావమరిది నెత్తిన పడ్డాయి" అని చెప్తే చాలు, ఆ ఆట రుచి ఏంటో వాళ్ళకి తెలిసిపోద్ది. "చాలా స్ట్రాటజిక్‌గా ఉంది, రీప్లే వాల్యూ ఉంది" అంటే డబ్బా వెనకాల రాసినట్టే ఉంటది.

ఓడిపోయి వచ్చిన రాత్రి మాత్రం ఏమీ రాయొద్దు. పొద్దున రాయండి. కటాన్‌లో రెండు పాచికలు వేస్తే 36లో 6 సార్లు 7 పడాలి, 6కీ 8కీ చెరో 5 ఛాన్సులు, 2కీ 12కీ చెరొకటి. 8 నంబరు పొలం పక్కన ఇల్లు కట్టుకుని కూర్చుంటే (8 పడితేనే దాని సరుకు మీకొచ్చేది) చాలాసేపు 8 పడకపోవచ్చు, అదే పక్కవాడి 12 మూడుసార్లు పడొచ్చు, ఒక్క ఆటలో ఇలా జరగడం వింతేం కాదు. దానికి "చెత్త గేమ్, మొత్తం లక్" అని తీర్పు ఇచ్చేస్తే అది గేమ్ గురించి చెప్పినట్టు కాదు, మీ మూడ్ గురించి చెప్పినట్టు. అలాగని లక్ గురించి చెప్పొద్దని కాదు, "పాచికలు మొండికేస్తే చెయ్యడానికి పెద్దగా ఏం ఉండదు, బేరాలాడి నెట్టుకురావాలి, బేరాలు రానివాడికి బోర్" అనండి, అప్పుడు అది ఇన్ఫర్మేషన్.

తిట్టే ముందు రూల్ ఒకసారి చూసుకోవడం కూడా మంచిది. టికెట్ టు రైడ్‌లో ఇద్దరో ముగ్గురో ఆడేటప్పుడు జంట దారుల్లో (రెండు ఊళ్ళ మధ్య పక్కపక్కనే ఉండే రెండు దారులు) ఒకటి వేస్తే రెండోది మూసుకుపోద్ది, చాలామంది ఇది వదిలేసి "అసలు పోటీనే లేదు, ఎవడి దారి వాడిదే" అంటారు. మోనోపలీలో మీరు ఆగిన స్థలం మీరు కొనకపోతే బ్యాంకు వేలం వెయ్యాలి, రూల్ బుక్‌లో ఉన్నదే, ఇళ్ళల్లో దాదాపు ఎవరూ వెయ్యరు, ఆట సాగుతూనే ఉందని మాత్రం గోల పెడతారు.

ఇంకా చిక్కు ఎక్కడొస్తదంటే, తప్పు గేమ్‌దా మన బ్యాచ్‌దా అనేది. పాండెమిక్ ఉంది, మ్యాట్ లీకాక్ చేశాడు, 2008. అందరూ ఒకే జట్టు, నాలుగు జబ్బుల్ని ఆపాలి, మ్యాప్ మీద 48 ఊళ్ళలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ఉన్నాయి (హైదరాబాద్ లేదని ప్రతిసారీ ఎవడో ఒకడు ఫీలవుతాడు). అందరూ ఒకే వైపు కాబట్టి బాగా వచ్చినవాడు ఒకడు మిగతావాళ్ళందరికీ "నువ్వు చెన్నై వెళ్ళు, నువ్వు ఆ కార్డు వాడికివ్వు" అని చెప్పేస్తాడు, మిగతా ముగ్గురు వాడి చేతులు, అంతే. ఇది ఆ గేమ్ మీద అందరూ చెప్పే కంప్లైంటే, కానీ మీ టేబుల్ మీద అలా జరిగిందా లేదా అన్నది చెప్పండి. వాడి పేరు మాత్రం గ్రూప్‌లో పెట్టకండి, విడిగా చెప్పుకోవచ్చు.

మార్కుల దగ్గర మనకి స్కూల్ అలవాటు పోదు, నచ్చితే 95, నచ్చకపోతే ఫెయిల్. బోర్డ్‌గేమ్‌గీక్ అనే వెబ్‌సైట్‌లో గేమ్స్‌కి 10కి రేటింగ్ ఇస్తారు కదా, అక్కడ అంకెకి అర్థం గేమ్ గొప్పదా కాదా అని కాదు, మళ్ళీ ఆడతావా అని. 6 అంటే మూడ్ ఉంటే ఆడతా, 7 అంటే మామూలుగా పిలిస్తే వస్తా, 8 అంటే నేనే ఆడదామని అడుగుతా, ఇంచుమించు అలా. ఇది మంచి పద్ధతి. అంకె ఇష్టం లేకపోతే మాటల్లోనే చెప్పండి, "ఎవరైనా తీస్తే కూర్చుంటా, నేనైతే తియ్యను".

భాష సంగతి కూడా చెప్పాలి, ఇది మనకి మరీ అవసరం. అజుల్ టైల్స్ మీద, స్ప్లెండర్ కార్డుల మీద చదవాల్సిన పని లేదు, ఇంగ్లీషు రాని అత్తయ్య కూడా పది నిమిషాల్లో అందుకుంటది. వింగ్‌స్పాన్ అలా కాదు, చదవాలి. కోడ్‌నేమ్స్ అయితే మొత్తం మాటల మీదే ఆట, 25 మాటలు బల్ల మీద పెట్టి ఒక్క మాట, ఒక్క అంకెతో క్లూ ఇవ్వాలి, తాళం కార్డులో (ఏ మాట ఎవరిదో రంగులతో చూపించేది) నలుపు పడ్డ మాట ముట్టుకుంటే అక్కడికక్కడే ఓటమి. దీన్ని తెలుగు చీటీలతో ఆడితే ఇంకా బాగుంటది, గంట, చుక్క, మందు, పాలు లాంటి రెండర్థాల మాటలు ఏరి రాసుకోండి, డబ్బాలో ఉన్న రంగుల తాళం కార్డు అలాగే వాడొచ్చు. మీరు అలా ఆడి ఉంటే అది కూడా చెప్పండి.

పాండెమిక్ లెగసీ లాంటి, నెల నెలగా కథ నడిచే ఆటలు ఆడితే కథలో ఏం జరిగిందో నోరెత్తొద్దు, ఎన్ని నెలలు పూర్తి చేశారో చెప్పి ఆపండి.

మొత్తం కలిపితే ఎలా ఉంటదో ఒకటి రాస్తున్నా, కాపీ కొట్టుకోండి: "రాత్రి స్ప్లెండర్ ఆడాం, ముగ్గురం, ఇద్దరికి ఫస్ట్ టైం, రూల్స్‌తో కలిపి గంట లోపే. రంగు రాళ్ళు తీసుకుని కార్డులు కొనాలి, కొన్న కార్డులే తర్వాత కార్డులకి డిస్కౌంట్ అవుతాయి, 15 పాయింట్లు ఎవరికి ముందొస్తే ఆ రౌండ్‌తో ఆట ఆఖరు. చంపుకోవడాలు లేవు. మొదటి పావుగంట డల్‌గా ఉంది, ఒక్కసారి డిస్కౌంట్లు పెరిగాక మాత్రం రాళ్ళు ఇవ్వకుండానే కార్డులు లాగేస్తుంటే భలే ఉంది. నోటితో పని లేని ఆట, కబుర్లు చెప్పుకుంటూ ఆడొచ్చు, గోల కావాలంటే ఇది కాదు. మళ్ళీ ఆడతా, నలుగురితో ఇంకా ఆడలేదు."

ఇంత రాశాక కూడా ఒకడు కింద "అయితే కొనొచ్చా?" అని అడుగుతాడు, గ్యారంటీగా. వెంటనే కొనమని చెప్పొద్దు. ఇంపోర్టెడ్ డబ్బాలు మన దగ్గర చీప్ కాదు, మీ బ్యాచ్‌కి నచ్చింది వాళ్ళ ఇంట్లో అటక ఎక్కొచ్చు. ఎవరితో ఆడతావ్, ఎంతమంది ఉంటారు, పిల్లలు ఉంటారా అని ఎదురు ప్రశ్న వెయ్యండి, దగ్గర్లో ఉంటే వచ్చే శనివారం రమ్మనండి, ఆడి చూసుకుని వాడే తేల్చుకుంటాడు, చిప్స్ కూడా వాడే తెస్తాడు.