విదేశీ అతిథికి మన భోజనం – 3వ పాఠం: వడ్డన

కిందటి పాఠంలో, అతిథిని భోజనానికి పిలిచే ముందే ఏం తినరో, ఏది పడదో అడిగి రాసుకున్నాం కదా. ఆ చీటీకి ఒక్క సంగతి చేర్చండి. గోధుమ పడనివాళ్లు వస్తుంటే మీ ఇంగువ డబ్బా తిప్పి చదవండి. బజారు ఇంగువపొడి చాలావాటిలో గోధుమపిండో, మైదానో కలుస్తుంది. అన్నం, పప్పు, చారే కదా అని ధీమాగా ఉంటాం, తీరా పోపు దగ్గర దొరికిపోతాం. వేగన్ (పాలతో చేసినవి కూడా తినని శాకాహారి) అయితే నెయ్యి, పెరుగు, మజ్జిగ పులుసు పక్కన పెట్టాల్సిందే.

ఇక వడ్డన. ముందు ఏ భోజనం పెడుతున్నారో తేల్చుకోండి. హైదరాబాద్ 2019లో యునెస్కో ఆహార నగరాల జాబితాకెక్కింది, వచ్చేవాళ్లు బిర్యానీ పేరు వినే దిగుతారు. అందుకని బిర్యానీతో పాటు పప్పు, పులిహోర, గోంగూర కూడా ఒకే పూట పెట్టేస్తారు మనవాళ్లు. వద్దు. బిర్యానీ పూట బిర్యానీయే: పక్కన మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ, చివర ఖుబానీ కా మీఠా. విస్తరి భోజనం ఇంకో పూట.

విస్తరి పూటకు అరటాకు కొస అతిథి ఎడమచేతి వైపు రావాలి. అన్నం మామూలుకన్నా కాస్త మెత్తగా వండండి, ముద్ద నిలుస్తుంది. చేత్తో తినడం పప్పన్నంతోనే నేర్పాలి, చారుతో మొదలెడితే మోచేతిదాకా కారుతుంది. కొత్తవాళ్లు అన్నాన్ని ఐదు వేళ్లతో గుప్పిట పట్టి నోట్లో వదులుతారు, సగం ఒళ్లోకి జారుతుంది. మీరు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చూపించండి: వేళ్ల కొసలతో కలిపి, చిన్న ముద్ద చేసి, నాలుగు వేళ్ల మీదకు తీసుకుని, నోటి దగ్గర బొటనవేలితో లోపలికి తోయడం. ఆ బొటనవేలి పని తెలిస్తే నాలుగు ముద్దల్లో చెయ్యి కుదురుతుంది. అయినా చెంచా ఒకటి అందుబాటులో ఉంచండి, అడిగించుకోకండి. ఎడమచేతి వాటం వాళ్లయితే వదిలేయండి, అక్కడ ఉపన్యాసం అనవసరం. ఎంగిలి చేత్తో గరిటె పట్టుకుంటారేమోనని బెంగ ఉంటే, వాళ్లని పట్టుకోనివ్వకుండా మీరే వడ్డించండి.

కారం సంగతి. కూరలన్నీ చప్పగా వండటం నాకు నచ్చదు, అది మన వంట కాదు. పప్పు, కూర కాస్త తగ్గించి, పచ్చళ్లు ఉన్నట్టే ఉంచండి. గోంగూర మాత్రం శనగగింజంత వేయండి, బాగుందంటే మళ్లీ వేయొచ్చు. మంట పుడితే మంచినీళ్లు పనిచేయవు. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, పాలలో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి తీసుకుపోతుంది. కాబట్టి పెరుగు గిన్నె మొదటినుంచీ పక్కనే ఉండాలి. చివర్లో పెరుగన్నం ఒక చెంచాడు చాలు. పెరుగును పళ్లతో, తీపితో తినేవాళ్లకు ఉప్పు వేసిన పెరుగన్నం వింతగా ఉంటుంది, మొహం చిట్లించినా నొచ్చుకోకండి.

అన్నిటికన్నా కష్టమైంది ఆపడం. జపాన్ వాళ్లకు గింజ మిగల్చకుండా తినడం మర్యాద. ఐరోపా, అమెరికాల్లోనూ చాలా ఇళ్లలో పిల్లలకు అదే నేర్పుతారు. వాళ్లు మర్యాదకి ఖాళీ చేస్తారు, మనం మర్యాదకి మళ్లీ వేస్తాం. అందుకే మొదటి ముద్దకు ముందే చెప్పండి: చాలనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలని, మిగిల్చినా ఎవరూ ఏమీ అనుకోరని. అతిథికి చెప్పడం తేలికే. "మొహమాటపడకు బాబూ, ఇంకొక్క గరిటె" అనే అత్తయ్యకు చెప్పడమే అసలు పాఠం.

అభ్యాసం: ఈ వారం ఇంట్లో ఒకరిని అతిథిగా కూర్చోబెట్టి వడ్డించండి. వేసే ప్రతిదాన్నీ రెండు ముక్కల్లో చెప్పాలి: దేంతో చేశారు, దేంతో కలుపుకోవాలి. కందిపొడి దగ్గర ముఖ్యంగా. వేడన్నం, నెయ్యి అని చెప్పకపోతే వట్టి పొడే నోట్లో వేసుకుని ఉక్కిరిబిక్కిరవుతారు. చెయ్యి అడ్డం పెట్టాక కూడా గరిటె వంచిన వాళ్లు మళ్లీ మొదటినుంచి చేయాలి.

వచ్చే పాఠం ఇంటి బయట: ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, రంజాన్ సాయంత్రం హలీం.