చిన్న ట్యాంకుకి చిల్లర్: పంపు డబ్బా మీది అంకె నమ్మొద్దు

తిరుపతి మే ఎండలకి 100 లీటర్ల చేపల ట్యాంకులో నీళ్లు 32 డిగ్రీలు దాటడం మామూలే. చిల్లర్ (పంపు పంపిన నీళ్లని చల్లబరిచే మెషిన్) పెట్టేవాళ్లు ముందు దాని స్టిక్కర్ మీద గంటకి ఎన్ని లీటర్లు పారాలో చూసి, ఆ తర్వాతే పంపు కొనండి.

పంపు డబ్బా మీద 1000 లీటర్లని రాసుంటే అది గొట్టం లేకుండా, ఎత్తు లేకుండా కొలిచింది. పంపు ట్యాంకులోనే ఉండి చిల్లర్ నేల మీదున్నా, నీళ్లు తిరిగి అదే ట్యాంకులోకి వస్తాయి కాబట్టి ఎత్తు పెద్దగా లెక్కలోకి రాదు. గొట్టంలో ఒరిపిడే తగ్గిస్తుంది. ట్యాంకు కింద ఉండే సంపులో (ఫిల్టర్ తొట్టిలో) పంపు పెట్టి నీళ్లు పై ట్యాంకుకి ఎక్కిస్తే మాత్రం ఎత్తంతా అదే మోయాలి. అనుమానమా? రిటర్న్ గొట్టాన్ని (చిల్లర్ నుంచి ట్యాంకులోకి తిరిగొచ్చేది) నీటిమట్టం దగ్గరే మగ్గులో పెట్టండి. లీటరు 10 సెకన్లలో నిండితే గంటకి 360 లీటర్లు. అలాగని మరీ పెద్ద పంపూ వద్దు, దాని వేడి కూడా నీళ్లలోకే పోతుంది.

పంపుకి స్పాంజి తొడగండి, గొట్టాలకి క్లిప్పులు బిగించండి. ఒక్కటి ఊడినా ట్యాంకు నీళ్లు నేల మీదే. చిల్లర్‌ని స్టాండు అల్మరాలో మూసిపెట్టొద్దు. వదిలిన వేడిగాలే మళ్లీ పీల్చుకుని ఆగకుండా తిరుగుతుంది. ముందు పంపు ఆన్ చేయండి, నీళ్లు పారాకే చిల్లర్. చిల్లర్‌ని 26 డిగ్రీలకి పెడితే చాలు.

బోరు నీళ్లయితే పంపు రెక్కకి తెల్లటి సున్నం పడుతుంది, నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి కడగండి.